గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోందా? థర్మోస్టాట్ మార్చే ముందు కాయిల్ కొలవండి

మీ ప్రశ్నలో మూడు సమస్యలున్నాయి. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గోడ గీజర్ నాలుగేళ్లుగా బోరు నీళ్లతో నడుస్తోంది. స్విచ్ వేసిన ఐదు పది నిమిషాలకు, కరెంటు కారితే సప్లై తెంపే రక్షణ స్విచ్ అయిన ఆర్‌సీసీబీ పడిపోతోంది, ఒక్కోసారి గీజర్ స్విచ్ ఆపి ఉన్నా పడిపోతోంది. మెకానిక్ థర్మోస్టాట్ (నీళ్లు చాలినంత కాగాక కరెంటు ఆపే భాగం) మార్చినా తేడా రాలేదు, ఇప్పుడు ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇచ్చేద్దామంటున్నాడు. ఇది మొదటిది. వేడి నీళ్లు అర బకెట్‌కే చల్లబడటం రెండోది, గీజర్ కింద వాల్వు నుంచి చుక్కలు పడటం మూడోది.

డైరెక్ట్ మాత్రం ఇప్పించకండి. ఈ కథలో తన పని తాను సరిగ్గా చేస్తున్నది ఆ ఆర్‌సీసీబీ ఒక్కటే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి. అందులో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇంకో దారిలో, అంటే ట్యాంకు ద్వారా ఎర్తుకో, తడి చేతి ద్వారా మనిషికో పోతే అది పడిపోతుంది. నిజానికి 15 నుంచి 30 మధ్యలోనే పడిపోయేలా తయారు చేస్తారు. మీది పడిపోతోందంటే గీజర్ నుంచి కరెంటు బయటికి కారుతోంది, అది ఎర్తు దారిలో పోతోంది అని అర్థం. ఆర్‌సీసీబీ తీసేస్తే ట్రిప్ కావడం ఆగిపోతుంది, కారడం ఆగదు. ఆ తర్వాత ఎర్తు వైరు ఎక్కడైనా వదులైన రోజున కారే కరెంటుకు మిగిలే దారి షవర్ కింద నిలబడ్డ మనిషి.

మీ వర్ణన చూస్తే నూటికి తొంభై పాళ్లు హీటింగ్ కాయిలే. కారణం చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఇంకోసారి అనవసరంగా పార్టులు మార్పించరు.

కాయిల్ అంటే బయటికి కనిపించే రాగి గొట్టమో ఇంకలాయ్ (నికెల్ కలిసిన మిశ్రలోహం) గొట్టమో మాత్రమే కాదు. ఆ గొట్టం మధ్యలో సన్నటి నైక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా కూరి ఉంటుంది. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటును మాత్రం ఆపుతుంది. గొట్టానికి వెంట్రుకవాసి పగులు వచ్చినా, తినేసి చిల్లు పడినా ఆ పొడి నీళ్లు పీల్చుకుంటుంది. అప్పుడు తీగ నుంచి పొడి ద్వారా నీళ్లలోకి, ట్యాంకులోకి, అక్కడి నుంచి ఎర్తుకు కరెంటు మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇది ఏ ఐదారు మిల్లీ ఆంపియర్లో ఉండొచ్చు. తీగ వేడెక్కేకొద్దీ ఆ పొడి కరెంటును ఆపే శక్తి తగ్గుతుంది, పగులు కూడా విచ్చుకుంటుంది. అందుకే వెంటనే కాకుండా ఐదు పది నిమిషాలకు పడిపోతోంది.

ఇక స్విచ్ ఆపినా ట్రిప్ కావడం. మన ఇళ్లలో బోర్డు మీది మామూలు స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ గీజర్‌కు అంటుకునే ఉంటుంది. కాయిల్ పగులు న్యూట్రల్ కొసకు దగ్గరగా ఉంటే, ఇంట్లో మిక్సీయో మోటారో నడిచినప్పుడు న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటులో కొంత భాగం ఆ పగులు గుండా ఎర్తుకు జారిపోతుంది. ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది, పడిపోతుంది. అందరూ మిక్సీని అనుమానిస్తారు. ఈ ఒక్క లక్షణమే థర్మోస్టాట్‌ను దాదాపు నిర్దోషిగా తేలుస్తుంది, ఎందుకంటే థర్మోస్టాట్ తెంపేది ఫేజ్ దారిని. దాని మీద నీళ్లు కారుతుంటే తప్ప అది ఆర్‌సీసీబీని పడగొట్టదు.

కాబట్టి మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. స్విచ్ ఆపడం కాదు, గీజర్ ప్లగ్ పూర్తిగా పీకేసి ఒక రోజు ఉంచండి. ఇల్లంతా మామూలుగా వాడండి. ఒక్కసారి కూడా పడకపోతే దోషం గీజర్‌లోనే ఉంది. ప్లగ్ పీకినా పడుతుంటే వైరింగ్‌లో వెతకాలి. ఎక్కువగా దొరికేవి రెండు: ఇన్వర్టర్ పెట్టినప్పుడు రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లను ఒకచోట కలిపేయడం, న్యూట్రల్ దొరకని చోట ఎర్తు వైరునే న్యూట్రల్‌గా వాడేయడం. ఆ పని ఎలక్ట్రీషియన్‌ది.

గీజర్‌లోనే అని తేలాక విప్పడానికి ముందు ప్లగ్ పీకండి, బాత్రూమ్ ఎంసీబీ కూడా దించండి. ప్లగ్ లేకుండా నేరుగా కలిపిన గీజరైతే మెయిన్ దించి, విప్పాక టెర్మినళ్ల మీద టెస్టర్ పెట్టి చూసిన తర్వాతే చెయ్యి పెట్టండి. ఆ టెస్టర్ వెలుగుతోందో లేదో ముందే పనిచేసే పాయింట్లో చూసుకోండి. పాడైన టెస్టర్ వెలగకపోతే కరెంటు లేదనుకుని ముట్టుకోవడం మామూలుగా జరిగే ప్రమాదం.

కింది ప్లాస్టిక్ కవర్ స్క్రూలు తీస్తే కాయిల్ ఫ్లాంజి (కాయిల్ను ట్యాంకుకు బిగించే లోహపు బిళ్ల), రెండు టెర్మినళ్లు, థర్మోస్టాట్, దాని పక్కనే, నీళ్లు మితిమీరి కాగితే కరెంటు తెంపే ఎర్ర బటన్ కటౌట్, ఎర్తు వైరు కనిపిస్తాయి. ఏదీ కదపకముందు ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి. ఆ తర్వాత మీటరు కన్నా ముందు కళ్లతో చూడండి. ఫ్లాంజి అంచున తెల్లటి ఉప్పు చారలున్నాయా? రాగి మీద పచ్చటి చిలుము ఉందా? గ్యాస్కెట్ దగ్గర తడి ఉందా? ఉంటే నీళ్లు టెర్మినళ్ల మీదికి కారుతున్నాయి, ట్రిప్‌కు అదే కారణం కావచ్చు. ఆ పరిస్థితిలో కాయిల్ బాగానే ఉండి, గ్యాస్కెట్ మారిస్తే సరిపోయే అవకాశం ఉంది. టెర్మినల్ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి పెళుసుగా ఉంటే అక్కడ వదులు కనెక్షన్ వేడెక్కుతోందని గుర్తు.

ఇప్పుడు మల్టీమీటరు. కాయిల్‌కు వచ్చే రెండు వైర్లూ విప్పేయండి, లేకపోతే ఇండికేటర్ దీపాలూ మిగతా వైరింగూ రీడింగ్‌ను పాడుచేస్తాయి. 200 ఓమ్‌ల రేంజిలో రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. 230 వోల్టుల దగ్గర 2 కిలోవాట్ల కాయిల్‌కు 26 ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. 25 నుంచి 29 దాకా ఏదొచ్చినా మంచిదే. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరైతే 17, 18 ఓమ్‌లు. మీటరు ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగింది, అప్పుడు ట్రిప్ ఉండకపోవచ్చు గానీ నీళ్లు అసలు వేడెక్కవు. చాలా గీజర్లలో ఎర్ర దీపం కాయిల్‌కు సమాంతరంగా కలిపి ఉంటుంది. అందుకే కాయిల్ తెగినా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. దీపం వెలుగుతోంది కాబట్టి కాయిల్ బాగుందని ఎవరైనా అంటే నమ్మకండి.

తర్వాత అసలు పరీక్ష. మీటరును 20 మెగా ఓమ్‌ల రేంజికి మార్చి, ఒక కొస కాయిల్ టెర్మినల్ మీద, రెండోది ఫ్లాంజి లోహం మీద, గీకి మెరిసేలా చేసిన చోట పెట్టండి. మంచి కాయిల్‌కు మీటరు రేంజి దాటి చూపాలి. ఒకటి రెండు మెగా ఓమ్‌ల కన్నా కింద ఏ అంకె వచ్చినా కాయిల్ తడి పట్టింది. 30 మిల్లీ ఆంపియర్లు కారాలంటే 230 వోల్టుల దగ్గర 7.7 కిలో ఓమ్‌లు చాలు, 15 మిల్లీ ఆంపియర్లకు 15 కిలో ఓమ్‌లు. మీ గీజర్ చల్లగా ఉన్నప్పుడు ఏ 40, 50 కిలో ఓమ్‌లో చూపి, వేడెక్కాక ఆ గీత దాటుతుండవచ్చు. అందుకే వీలైతే ట్రిప్ అయిన వెంటనే, ఇంకా వేడి ఉండగానే, కరెంటు పూర్తిగా తీసేసి ఇంకోసారి కొలవండి. ట్యాంకు వేడిగా ఉంటుంది, ఒళ్లు జాగ్రత్త.

ఒక మెలిక ఉంది. మల్టీమీటరు లోపల ఉండేది 9 వోల్టుల బ్యాటరీ. దాంతో బాగుందని చూపిన కాయిల్ 230 వోల్టులు పడగానే కారడం మొదలుపెట్టొచ్చు. కాయిల్ చెడ్డదని మీటరు చూపితే ఖాయంగా చెడ్డదే, మంచిదని చూపితే మాత్రం అది తుది తీర్పు కాదు. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో లీకేజీని పట్టే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ అయితే నిమిషంలో తేల్చేస్తాడు. మెగ్గర్ దొరక్కపోతే కాయిల్ వైర్లు రెండూ విప్పి, వాటి కొసలకు విడివిడిగా ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టి, ఒకదానికొకటీ ట్యాంకుకూ తగలకుండా పక్కకు కట్టేసి, కవర్ మూసి, అప్పుడు ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. అరగంట ఆర్‌సీసీబీ నిలబడితే దోషం కాయిల్‌దే. పడిపోతే ప్లగ్ నుంచి వచ్చే వైరులోనో థర్మోస్టాట్ దగ్గరో తడి ఉంది.

కాయిల్ అని తేలాక, కొత్తది కొనే ముందు పాతది ఎందుకు పోయిందో చూడాలి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపు గారగా కాయిల్ మీద పేరుకుంటుంది. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీరు లేని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలావాటి నీళ్లు ఆ మొదటి గీత దాటినవే. గార వేడిని నీళ్లలోకి పోనివ్వదు. లోపల తీగ కాగిపోతుంది, పైన గొట్టం వ్యాకోచించి సంకోచించి చివరికి పగులుతుంది. మీ గీజర్ వేడెక్కేటప్పుడు పేలాలు వేగుతున్నట్టు చిటపటమని శబ్దం వస్తోందా? అది గార కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై పగలడం. ఆ శబ్దం మొదలైన రోజే ట్యాంకు విప్పి శుభ్రం చేసుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది.

నీళ్లు తీయడం ఇలా. గీజర్ వేడి పూర్తిగా చల్లారనివ్వండి, రాత్రి ఆపి పొద్దున పట్టుకోవడం మేలు. ఇన్‌లెట్ యాంగిల్ కాక్ మూసి, బాత్రూమ్‌లో వేడి నీళ్ల ట్యాపు తెరవండి. ఒత్తిడి పోతుంది, పైనుంచి గాలి లోపలికి వెళ్తుంది. ఇన్‌లెట్ దగ్గరున్న సేఫ్టీ వాల్వులో నీళ్లు వెనక్కు రాకుండా ఆపే నాన్ రిటర్న్ అమరిక ఉంటుంది కాబట్టి కనెక్షన్ పైపు విప్పినంత మాత్రాన ట్యాంకు ఖాళీ కాదు. వాల్వు చిన్న లివర్ ఎత్తి పట్టుకోండి, లేదా వాల్వును కూడా విప్పేయండి. వేడి నీళ్ల వైపు కనెక్షన్ పైపు కూడా తీసేస్తే గాలి బాగా అందుతుంది, నీళ్లు జోరుగా దిగుతాయి. కింద పెద్ద బకెట్ పెట్టండి. పైపులు తిప్పేటప్పుడు గీజర్ వైపు నిపుల్‌ను ఇంకో పానాతో బిగపట్టుకోవాలి. ఒక్క పానాతో లాగితే ట్యాంకు సాకెట్ వెల్డు దగ్గర పగులుతుంది, ఆ తర్వాత గీజరే మార్చాలి.

ఫ్లాంజి నట్లు ఐదారు ఉంటాయి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగండి. నట్లు ఊడదీశాక కాయిల్‌ను నిటారుగా కిందికి లాగండి, పక్కకు వంచకండి. మిగిలిన నీళ్లతో పాటు గార పెచ్చులు గుప్పెళ్ల కొద్దీ రాలుతాయి. కాయిల్ పక్కనే తెల్లటి కడ్డీ, లేదా కడ్డీ పోయి సన్నటి ఉక్కు తీగ మాత్రమే మిగిలింది కనిపిస్తుంది. అది మెగ్నీషియం యానోడ్. ట్యాంకును తుప్పు తినకుండా తాను తినబడటం దాని పని. లోపలి తీగ బయటపడిందంటే ట్యాంకుకు కాపలా లేదు. కాయిల్ మార్చేవాళ్లు చాలామంది దీన్ని అలాగే వదిలేస్తారు. దయచేసి వదలకండి, కాయిల్‌తో పోలిస్తే దాని ధర ఎంతో కాదు. బోరు నీళ్లయితే ఏటా ఒకసారి విప్పి చూడాలి, సగం కన్నా సన్నబడితే మార్చాలి. కొన్ని స్టీలు ట్యాంకుల గీజర్లలో యానోడ్ ఉండదు, అది లోపం కాదు.

ట్యాంకు లోపల గారను చేతికి గ్లౌజు వేసుకుని తీసేయండి, తర్వాత ఇన్‌లెట్ పైపు కాసేపు తెరిచి నీళ్లు పంపి కడగండి. స్క్రూడ్రైవరుతో గోడలు గీకొద్దు, గ్లాస్ కోటింగ్ పెచ్చు లేచిన చోటే తుప్పు మొదలవుతుంది. కారని కాయిల్‌కు గార మాత్రమే పట్టి ఉంటే, కొట్టి రాల్చకండి, లోపలి పొడి పగులుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, గొట్టం మాత్రమే మునిగేలా, టెర్మినళ్లు పైకి ఉండేలా రెండు మూడు గంటలు ఉంచండి. బుడగలు వస్తూ గార మెత్తబడి ఊడిపోతుంది. బాత్రూమ్ టైల్స్ కడిగే యాసిడ్ వాడకండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, స్టీలుకూ రాగికీ చేటు. మీ కాయిల్ మాత్రం కారుతోంది కాబట్టి శుభ్రం చేసి మళ్లీ బిగించే ఆలోచన వద్దు, ఎండబెట్టి వాడినా రెండు వారాల్లో మళ్లీ ఇదే వరస.

కొత్తది కొనేటప్పుడు పాత కాయిల్‌ను, గ్యాస్కెట్‌ను సంచిలో వేసుకుని షాపుకు వెళ్లండి. హైదరాబాద్‌లో ట్రూప్ బజార్, రాణిగంజ్ వైపు అన్ని రకాలూ దొరుకుతాయి. మిగతా ఊళ్లలో కంపెనీ సర్వీస్ సెంటర్ నయం. చూడాల్సినవి: వాట్లు పాతదానితో సమానంగా ఉండాలి, ఫ్లాంజి గుండ్రమా చదరమా, బోల్టు రంధ్రాలెన్ని, కాయిల్ పొడవు, థర్మోస్టాట్ దూరే గొట్టం ఉన్న చోటు. త్వరగా కాగుతుందని 2 బదులు 3 కిలోవాట్లు వేయించుకోవద్దు. కరెంటు 8.7 నుంచి 13 ఆంపియర్లకు పెరుగుతుంది, మీ వైరూ ప్లగ్గూ దానికి సరిపోతాయో లేదో. బోరు నీళ్లకు రాగి గొట్టం కన్నా ఇంకలాయ్ గొట్టం ఎక్కువ కాలం నిలబడుతుంది, ధర తేడా పెట్టదగ్గదే. కొన్నాక షాపులోనే ఓమ్‌లు, ఫ్లాంజికి లీకేజీ రెండూ మీటరుతో చూసి తీసుకోండి.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ వాడొద్దు. గ్యాస్కెట్ కూర్చునే రెండు అంచులూ గుడ్డతో తుడిచి, ఒక్క గార పెళ్ల కూడా లేకుండా చూడండి. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి, కారు చక్రం బోల్టుల్లాగా. థర్మోస్టాట్ బల్బు దాని గొట్టంలో అడుగంటా దిగాలి. సగమే దిగితే అది నీళ్ల వేడిని ఆలస్యంగా తెలుసుకుంటుంది, నీళ్లు మరిగి కటౌట్ ఎగిరిపోతుంది. టెర్మినల్ వైర్లకు లగ్గులు (కొసకు తొడిగే లోహపు ముక్కలు) నొక్కించి బిగించండి, చేత్తో చుట్టిన వైరు వద్దు. ఎర్తు వైరు స్క్రూ కింద తుప్పు గీకి బిగించండి.

ఇక్కడే తొందరపాటు వల్ల కొత్త కాయిళ్లు కాలిపోతుంటాయి. కరెంటు ఇవ్వకుండా ముందు ఇన్‌లెట్ తెరవండి, వేడి నీళ్ల ట్యాపు తెరిచే ఉంచండి. మొదట గాలి, తర్వాత ఉమ్ముతూ నీళ్లు, చివరికి తెగని ధార వస్తుంది. ఆ ధార ఒక నిమిషం సాగాక ట్యాపు కట్టేసి, ఫ్లాంజి చుట్టూ టిష్యూ కాగితం పెట్టి చూడండి. తడి లేకపోతే కవర్ మూసి స్విచ్ వేయండి. 25 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి 15 లీటర్లకు, 2 కిలోవాట్లతో 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మీ వీధిలో వోల్టేజీ 200కు పడిపోతే అదే కాయిల్ 1500 వాట్లే ఇస్తుంది, 24 నిమిషాలు దాటుతుంది. అది రిపేరు తప్పు కాదు. థర్మోస్టాట్ నాబ్ ఉంటే 60 దగ్గర ఆపండి, 75లో పెట్టి చన్నీళ్లు కలుపుకోవడం వల్ల గార పెరగడం తప్ప లాభం లేదు.

ఇక అర బకెట్ సమస్య. 60 డిగ్రీల 15 లీటర్లలో 25 డిగ్రీల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు లెక్క ప్రకారం 35 లీటర్లు రావాలి. వాడుతుంటే లోపల చన్నీళ్లు కలుస్తాయి కాబట్టి 25, 30 అనుకోండి. అర బకెట్‌కే చల్లబడుతోందంటే చన్నీళ్లు అడ్డదారిలో కలుస్తున్నాయి. ఇందుకు చక్కటి పరీక్ష ఒకటుంది: గీజర్ ఇన్‌లెట్ కాక్ పూర్తిగా మూసి, మిక్సర్‌ను వేడి వైపుకు తిప్పి తెరవండి. కాసేపటికి నీళ్లు ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఆ నీళ్లు గీజర్‌వి కావు, షవర్ మిక్సర్ లోపలి కార్ట్రిడ్జ్ అరిగి చల్లటి లైను వేడి లైనులోకి కలుస్తోంది. గీజర్‌ను ఎన్నిసార్లు విప్పినా ఇది దొరకదు, కార్ట్రిడ్జ్ మార్చాలి. నీళ్లు ఆగిపోతే తప్పు ట్యాంకులో ఉంది. వేడి నీళ్లు ట్యాంకు పైభాగం నుంచి తీసుకునే నిలువు పైపు కింద తెగిపోయి, అడుగున చేరే చన్నీళ్లనే బయటికి పంపుతోంది. కాయిల్ విప్పినప్పుడే టార్చి వేసి ఆ పైపు నిలువునా ఉందో లేదో చూసుకోండి, రెండోసారి విప్పే పని ఉండదు.

వాల్వు చుక్కల గురించి అంత కంగారు అక్కర్లేదు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే సుమారు 200 మిల్లీలీటర్లు, ఒక గ్లాసు పెరుగుతాయి. వెనక్కు పోయే దారిని నాన్ రిటర్న్ ఆపింది కాబట్టి ఆ గ్లాసు సేఫ్టీ వాల్వు నుంచే బయటికి రావాలి. వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే అది దాని ధర్మం. గీజర్ ఆపి చల్లగా ఉన్నా కారుతుంటే వాల్వు సీటులో గార ఇరుక్కుంది, లివర్ నాలుగైదు సార్లు ఎత్తి దించి చూడండి. ఆగకపోతే ప్రెషర్ పంపు ఉన్న ఇల్లో, ఎత్తైన భవనంలో కింది అంతస్తో చూసుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తులో ప్రతి 10 మీటర్లకు 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. చాలా గీజర్లకు గరిష్ఠం 8 బార్లు. ఆ వాల్వు నోటికి బిరడా మాత్రం కొట్టకండి, ప్లంబర్ కొడతానన్నా ఒప్పుకోకండి. థర్మోస్టాట్, కటౌట్ రెండూ విఫలమైన రోజు ట్యాంకు పేలకుండా ఆపేది అదొక్కటే. కారే నీళ్లు ఇబ్బందైతే సన్నటి పైపు తొడిగి మోరీ దాకా దించండి, కొస తెరిచే ఉండాలి.

ఎర్ర బటన్ కటౌట్ గురించి కూడా చెప్పాలి. నీళ్లు ఉన్నట్టుండి వేడెక్కడం మానేసి, కాయిల్ ఓమ్‌లు బాగుంటే ఆ బటన్ నొక్కి చూస్తారు, టక్కుమని కూర్చుంటుంది, గీజర్ మళ్లీ పనిచేస్తుంది. ఒకసారికి పర్వాలేదు. వారంలో రెండోసారి ఎగిరితే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి ఆగాల్సిన చోట ఆగడం లేదు, థర్మోస్టాట్ మార్చాల్సిన అసలు సందర్భం అదే. బటన్‌ను టేపుతో నొక్కి ఉంచడం, కటౌట్‌ను తీగతో కలిపేయడం ప్రాణాంతకం.

విప్పిన రోజునే ప్లగ్, సాకెట్ చూడండి. 16 ఆంపియర్ల ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయా, సాకెట్ మూతి గోధుమరంగుకు తిరిగిందా, ప్లగ్ వదులుగా ఆడుతోందా? అయితే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటి మారిస్తే రెండోది దాన్నీ కాలుస్తుంది. ఇంకా మంచిది ప్లగ్గే లేకుండా 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ పెట్టించడం. అది ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ కలిపి తెంపుతుంది, స్విచ్ ఆపినా ట్రిప్ అయ్యే మీ సమస్యకు దారే ఉండదు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది కనీసం, 3 కిలోవాట్లకు 4 వేయిస్తే నిశ్చింత.

చివరగా ఎర్తు. పాయింట్లో మీటరుతో మూడు కొలతలు తీయించండి: ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్తు దాదాపు సమానంగా రావాలి, న్యూట్రల్–ఎర్తు ఐదు వోల్టుల లోపు ఉండాలి. ఫేజ్–ఎర్తు 60, 100 అని మధ్యలో ఎక్కడో చూపితే ఆ వైరు ఎక్కడో తెగి గాల్లో ఉంది. ఇవి కరెంటు ఉండగా తీసే కొలతలు, చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. సొంత ఇల్లయితే ఎర్తు గుంతలో ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి, ఎండిన మట్టి కరెంటును తీసుకోదు. ఆర్‌సీసీబీ మీద 30 మిల్లీ ఆంపియర్లు, లేదా 0.03 ఆంపియర్లు అని రాసి ఉందో లేదో చూడండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో 100, 300వి పెడతారు, అవి మంటల నుంచి కాపాడతాయి గానీ మనిషిని కాదు. దాని మీదున్న టీ బటన్ నెలకోసారి నొక్కండి, పడిపోవాలి. పడకపోతే గీజర్ పని పక్కన పెట్టి ముందు దాన్ని మార్చండి.

ట్యాంకు ఒంటి నుంచే, అంటే ఫ్లాంజి పొడిగా ఉండి కవర్ అడుగు నుంచి తుప్పు నీళ్లు కారుతుంటే ఈ పనులేవీ మొదలుపెట్టకండి. వెల్డింగ్ చేసే మేస్త్రీలు దొరుకుతారు, కానీ లోపలి కోటింగ్ ఆ వేడికి కాలిపోతుంది, పక్కనే ఇంకో చిల్లు పడుతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్తది తీసుకోండి. మీది నాలుగేళ్లదే కాబట్టి బిల్లు వెతకండి, చాలా కంపెనీలు ట్యాంకుకు కాయిల్ కన్నా ఎక్కువేళ్ల వారంటీ ఇస్తాయి. అది బతికి ఉంటే బయటి మెకానిక్‌తో విప్పించడానికి ముందే కంపెనీకి ఫోన్ చేయండి.

కాయిల్ మార్చిన మర్నాడు, గీజర్ ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక, ప్లగ్ పీకి కవర్ తీసి ఫ్లాంజి నట్లు ఇంకో పావు చుట్టు బిగించండి. కొత్త గ్యాస్కెట్ మొదటి వేడికి కాస్త అణుగుతుంది. చాలా లీకులు ఈ పావు చుట్టు మర్చిపోవడం వల్ల వచ్చినవే.